చప్పుడు లేని రంపం

మైరామ్ ఇంటి వెనక పధ్నాలుగు పాప్లర్ చెట్లున్నాయి. కొడుకు పుట్టిన ఏడాది నాటినవి. ఇప్పుడా కొడుక్కి పెళ్ళి కుదిరింది, ఇల్లు లేవాలి, కప్పుకి దూలాలు కావాలి. దూలాలు ఆకాశంలోంచి ఊడిపడవు కదా, వాడితోపాటు పెరిగిన చెట్లనే కొట్టాలి. నారిన్ లోయలో ఏ మగపిల్లాడి ఇల్లయినా అలాగే లేస్తుంది.

చేతిసాయానికి ఊరంతా దిగింది. ఒకపక్క టీకి సమోవార్ మరుగుతోంది, ఇంకోపక్క గొర్రెమాంసం ఉడుకుతోంది. పెద్దవాళ్ళు నలుగురు ఎండలో కంబళి పరుచుకుని, టీ తాగుతూ, ఎవరూ అడగని సలహాలు పడేస్తున్నారు. రంపం పట్టుకున్నది మాత్రం జూరకాన్.

నలభై ఆరేళ్ళ మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. వేసవిలో చెట్లు కొట్టే పనిలో పది రోజుల శిక్షణకి వెళ్ళి, పదిహేడుమంది మగాళ్ళ మధ్య ఒక్కతే ఆడమనిషై, నెగ్గి, ఈ బ్యాటరీ రంపంతో ఇంటికొచ్చింది. ఆ సాయంత్రమే మామగారు ఊరందరి ముందూ షరతు పెట్టాడు.

"పట్టుకోమ్మా, కాదనను. కానీ ఎవరిదైనా సరే, ఒక్క చుక్క నెత్తురు నేల రాలిందా, రంపం తొలొగోన్‌కి, నువ్వు సమోవార్ దగ్గరికి. అంతే."

తొలొగోన్ ఆమెకి వరసకు మరిది. పెట్రోలు రంపంతో నిరుడు తన బూటు ముక్కు తనే కోసుకున్న మహానుభావుడు. వేళ్ళు మిగలడం వాళ్ళమ్మ చేసుకున్న పుణ్యం. అలాంటివాడి కన్ను కొత్త రంపం మీద పడింది.

"పొగ లేదు, మోత లేదు. రంపమా వదినా అది, గడ్డం గీసుకునేదా?" అన్నాడు ఆ పొద్దున కూడా.

"నీది కుక్క, మరిదీ, అరిచి చెబుతుంది. ఇది పిల్లి. గోళ్ళు మాత్రం అవే," అంది జూరకాన్.

చలికి బ్యాటరీ నీరసపడుతుందని దాన్ని కోటు లోపల గుండెకి హత్తుకుని తెచ్చింది, చంటిపిల్లని తెచ్చినట్టు. ముందు గొలుసు బిగువు చూసి, తర్వాతే బ్యాటరీ పెట్టింది. తలకి టోపీ, మొహానికి జాలీ, తొడలకి మందపాటి మెత్తలు కుట్టిన ప్యాంటు. దాన్ని చూసి ఆడవాళ్ళు నోటికి తలగుడ్డ కొంగులడ్డం పెట్టుకున్నారు. నవ్వితే నవ్వనీ. చెట్టు పొడుగుకి రెండింతల దూరంలో చుట్టూ తాడు కట్టించి, ఎర్రగుడ్డలు వేలాడదీయించింది. చెట్టు కదలగానే తను తప్పుకోవడానికి వెనక ఏటవాలుగా రెండు దారులు చేసుకుంది. ఇన్ని చేస్తే గాని రంపం మీట నొక్కలేదు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మర్యాద ఒకటి ఏడిచింది కదా! పనిచేస్తున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి "అలసట రాకూడదు!" అనాలి. వాళ్ళు పని ఆపి "మీరు చల్లగా ఉండాలి!" అనాలి. అనకుండా పోయినవాడు పొగరుబోతు. దూరం నుంచి కేకేసి పోయినవాడు ఇంకా పొగరుబోతు. దగ్గరికెళ్ళి చెయ్యి కలపాల్సిందే. పెట్రోలు రంపం ముందు ఈ మర్యాదలు సాగేవి కావు. అది ఆగకుండా గాండ్రిస్తుంటే ఎవడొస్తాడు? ఇదేమో వేలు తీయగానే గప్‌చుప్. చప్పుడు లేదంటే పని లేదు, పని లేదంటే పలకరించొచ్చు అని జనం లెక్క.

రెండో చెట్టు పడగొట్టి కొమ్మలు కోస్తుంటే, వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. జూరకాన్ ఉలిక్కిపడింది. మీట వదిలి, గొలుసుకి బ్రేకు వేసి, బ్యాటరీ ఊడబీకి అప్పుడు తిరిగి చూసింది. పళ్ళికిలిస్తూ తొలొగోన్.

"అలసట రాకూడదు వదినా!"

"నీ అలసట తగలెయ్య! ఈ రంపం ముక్కు కొమ్మకి తగిలిందంటే ఎగిరి ఎవరి మొహం మీదికొస్తుందో తెలుసా?"

"ఆగిపోయింది కదా..."

"ఆగలేదురా, ఊరుకుంది. బ్యాటరీ నా చేతిలో కనిపిస్తేనే ఆగినట్టు. తాడు అవతలికి నడు!"

కంబళి మీద పెద్దలు పకపకా నవ్వారు. తొలొగోన్ తాడు దాటి పోయాడు, పోతూ పోతూ "చుక్క నెత్తురు పడనీ, అప్పుడు చెబుతా" అని గొణిగాడు.

అయిదో చెట్టు అన్నిటికంటే లావుది. పడాల్సిన వైపు గాటు పెట్టి, వెనకనుంచి కోసుకుంటూ వచ్చి, మధ్యలో కీలులా నాలుగు వేళ్ళ చెక్క మిగిల్చింది. రంపం ఆపి పక్కన పెట్టి, వెనక కోతలో దోపిన చీల మీద సుత్తితో ఒక దెబ్బ వేసింది. రెండు. మూడో దెబ్బకి చెట్టు మూలిగింది. తలెత్తి చూస్తే పైకొమ్మలు కదులుతున్నాయి.

సరిగ్గా అప్పుడే, చెట్టు పడే వైపు, కాలవగట్టు మీద, తాడు కింద నుంచి దూరి, అప్పటికే సగానికి పైగా వచ్చేశాడు మామగారు. ఆలస్యంగా వచ్చాడు పాపం. రంపం మోత లేదు, ఏదో సుత్తి చప్పుడు. ఆగారు కాబోలు, కోడల్ని పలకరించి పోదామనుకున్నాడు. కుడిచెయ్యి ముందుకి చాచి వస్తున్నాడు.

"మామయ్యా!" అని అరిచింది జూరకాన్.

కంబళి మీదున్న నలుగురూ ఆమెకి మామయ్య వరసే. నలుగురూ తలలెత్తారు. "నన్నా?" "నిన్నే అనుకుంటా." "కాదు, నిన్ను." అసలాయన మాత్రం కోడలు మర్యాదగా బదులిచ్చిందనుకుని, చెయ్యి ఊపుతూ ఇంకో రెండడుగులు వేశాడు.

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన పేరు జూరకాన్ పెదవి దాటలేదు. దాటకూడదు. అత్తింటి పెద్దల పేరెత్తిన కోడల్ని ఊరు ఊరంతా ఆడిపోసుకుంటుంది. ఆ పేరున్న పక్కూరి పిల్లాణ్ణి కూడా ఆమె "ఆ నల్లబ్బాయి" అనేది గానీ పేరు పెట్టేది కాదు.

"కసీమాలీ!" అంది. అనడం కాదు, లోయ దద్దరిల్లేలా అరిచింది. "ఒరే కసీమాలీ! చెట్టురా! కాలవలోకి దూకు!"

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి దూకాడు. ఎలా దూకాడో ఆయనకే తెలియదు. జూరకాన్ తన దారిన తను వెనక్కి తప్పుకుంది. చెట్టు కాలవగట్టు మీద పడింది, నేల అదిరింది.

ఆమె ముందుగా రంపంలోంచి బ్యాటరీ తీసింది. అప్పుడు పరిగెత్తింది.

ఆయన కాలవలో మోకాటి లోతు బురదలో కూర్చుని ఉన్నాడు. టోపీ కొమ్మల కింద ఎక్కడో పడింది. అరచెయ్యి గీరుకుని నెత్తురు కారుతోంది. అందరికంటే ముందు అది చూసినవాడు తొలొగోన్.

"నెత్తురు! పెదనాన్నా, నెత్తురు!"

జూరకాన్ గట్టు మీంచి కాలవలోకి వంగింది. రంపం పోయింది. పోతే పోనీ, ఆయన బతికాడు. కానీ ఊరందరి ముందు పేరు పెట్టి, అందులోనూ ఒరే అని... సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"తప్పయిపోయింది మామయ్యా."

మామగారు అరచెయ్యి తొడకి తుడుచుకున్నాడు. "నోర్ముయ్యి తొలొగోన్. తాడు కట్టింది ఆవిడ. దాటింది నేను. ఈ నెత్తురు నా తెలివితక్కువది. రంపం ఎక్కడికీ పోదు." తర్వాత కంబళి వైపు తిరిగి గొంతు పెంచాడు. "విన్నారా? ఇకనుంచి తాడు దాటినవాణ్ణి, వాడు ఎంత పెద్దవాడైనా, ఈ పిల్ల పేరు పెట్టే పిలుస్తుంది. పలకరింపులన్నీ తాడు అవతలనుంచే!"

కంబళి మీద నలుగురూ టీ గిన్నెల్లోకి చూసుకున్నారు.

జూరకాన్ చెయ్యందించి ఆయన్ని పైకి లాగింది. గట్టెక్కి కూడా ఆయన చెయ్యి వదల్లేదు.

"మా అమ్మ పోయి నలభై ఏళ్ళయింది," అన్నాడు మెల్లగా, ఆమెకొక్కదానికే వినబడేలా. "ఆ తర్వాత నన్నెవరూ అలా పిలవలేదు. అందరికీ నాన్నని, తాతని, పెదనాన్నని. నువ్వలా అరిచేసరికి మా అమ్మే అనుకుని దూకానే అమ్మాయ్. ఏదీ, ఇంకొక్కసారి పిలువు."

జూరకాన్ నోరు తెరిచింది. పేరు గొంతుదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం వచ్చాయి. "నా వల్ల కాదు మామయ్యా."

ముసలాయన పెద్దగా నవ్వేశాడు.

"అయితే నువ్వు పిలవాలంటే నేను మళ్ళీ చెట్టు కింద నిలబడాలా ఏం?"

"నిలబడండి చూద్దాం, కాళ్ళు విరగ్గొడతాను!" అంది జూరకాన్, ముక్కు తుడుచుకుంటూ.

"ఆ, ఇది కూడా అమ్మ మాటే," అని ఆయన బురదకాళ్ళతో తాడు అవతలికి నడిచాడు.