అంగుళం లేని టేపు

మా అమ్మాయికి అంత గొంతుందని గోడ అవతలి నుంచి విని తెలుసుకున్నాను.

ఆరోజు కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫారానికి చేతులు అతికిస్తున్నాను. గోడ అవతలి నుంచి అరుపులు. "ఎడమ పక్కకి రాకండి! నా వెనకే రండి, నేను చూసుకుంటా!" ఎవరింటి పిల్లో అనుకుని కిటికీలోంచి వీధిలోకి తొంగిచూశాను కూడా. తీరా చూస్తే మా ముంగి. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా పాత ల్యాప్‌టాప్, ముఖం కందగడ్డ.

ముంగి అన్న పేరు మా తమ్ముడు పెట్టాడు. ఈ పదిహేడేళ్ళలో అది మాట్లాడిన మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద పడతాయంటాడు వాడు. ఇంటికెవరైనా వస్తే గదిలోకి పోతుంది. కాలేజీలో హాజరు పిలిస్తే పలక్కుండా చెయ్యెత్తుతుందట. అలాంటి పిల్ల నలుగురికి దారి చూపిస్తోంది! గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఇంతలో తెర మీద బొమ్మ ఆగిపోయింది. ల్యాప్‌టాప్ బుస్సుమని రొప్పింది. పిల్ల గొంతు కూడా దాంతోపాటే ఆగిపోయింది.

"ఏమైందే?"

"హ్యాంగయింది."

అసలు సంగతి ఆ తర్వాత రెండు రోజులకు, ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. అది ఆన్‌లైన్ ఆట. ఐదుగురుండాల్సిన జట్టులో నలుగురే ఉన్నారు. నాయకురాలు ఎక్కడో బడిలో పాఠాలు చెబుతుందట, అందుకని అందరూ టీచరమ్మ అంటారు. ఆవిడకి మా పిల్ల ఆట నచ్చింది, ల్యాప్‌టాప్ నచ్చలేదు. "మధ్యలో ఆగని కంప్యూటరు చూసుకో. వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి ఒక ఆట ఆడి చూపించు. ఆగకపోతే ఐదో మనిషివి నువ్వే. లేదంటే ఇంకొకర్ని చూసుకుంటాం" అందట.

నాకు ఆటల సంగతేం తెలుసు? ఆ గొంతు మళ్ళీ వినాలనిపించింది, అంతే.

"అయితే ఒకటి కొనేద్దాం."

"మొత్తంగా కొనద్దమ్మా. విడివిడిగా తెచ్చుకుని మనమే బిగిద్దాం" అంటూ నోట్‌బుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. గళ్ళు గీసి రాసుకుంది: ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డి, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై. ఒక్కోదాని ఎదురుగా కొట్టేసిన పేర్లు ఐదారు. ఏది దేనికి అతుకుతుందో బాణాలు. నేను మనుషుల కొలతలు రాసుకునే పుస్తకం కన్నా శుభ్రంగా ఉంది.

"ఇది మెదడు. ఇదేమో బొమ్మలు గీసేది. ఆ గీసేది గట్టిది కావాలి. మిగతావి మామూలువి చాలు."

"అంటే పైకి జరీ అంచు, లోపల చిరుగుల లైనింగు అన్నమాట."

ముంగి నవ్వింది. "చిరుగులు కాదులే. నేత గట్టిదే, డిజైనే ఉండదు."

డబ్బా మాత్రం మా తమ్ముడి చలవ. వాడు ఎలక్ట్రీషియన్. ఏదో ఆఫీసులో వైర్లు మారుస్తుంటే పారేయబోతున్న కంప్యూటరు కేసు కంటబడిందట, భుజాన వేసుకొచ్చాడు. తెరా, కీబోర్డూ కూడా అక్కడివే. డబ్బా మీద పేరూ లేదు, నంబరూ లేదు. లోపల ఎంత పొడవు గ్రాఫిక్స్ కార్డు పడుతుందో ఎక్కడా చూసే దారి లేదు.

"అమ్మా, ఇక్కణ్నుంచి ఇక్కడికి కొలిచిపెట్టవా?"

టేపు నా మెడలోనే ఉంటుంది. డబ్బా లోపలి వెనక గోడకు టేపు కొస ఆనించి, ముందువైపున్న ఇనుప గూడు దాకా లాగి "పన్నెండు" అన్నాను. రాసుకుంది. ఆ లెక్కన పదకొండున్నర అంగుళాల కార్డు ఎంచుకుంది.

కంప్యూటర్ షాపతను కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి కాగితం రెండుసార్లు చదివాడు. "ఎవరు రాశారిది?"

పిల్ల నా వెనక్కి జరిగింది. "మా అమ్మాయే" అన్నాను.

"బాగా రాసింది. పవర్ సప్లై సరిగ్గా లెక్కకి సరిపోయేది పెట్టింది. నడుస్తుంది. దీని పై సైజు కూడా ఉంది, కావాలంటే..."

"అంత అక్కర్లేదు, లెక్క వేశాను" అని పిల్ల నా చెవిలో గొణిగింది.

"పైదే ఇవ్వండి" అన్నాను.

"అమ్మా!"

"ఎదిగే పిల్లల బట్టలు ఒంటికి అతుక్కునేట్టు ఎవరైనా కుడతారటే? లోపల రెండంగుళాలు మడిచి పెడతాం. రేపు ఇంకో పెద్ద కార్డు కావాలంటావు. అప్పుడేం విప్పుతావు?"

షాపతను చేతిలో కాగితం కింద పెట్టేశాడు. "మేడమ్, మీరెక్కడ పనిచేస్తారు?"

"కుట్టుమిషను ముందు."

"మా షాపుకొచ్చేయండి. ఇదే మాట చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది."

శనివారం పొద్దున్నే కత్తిరింపు బల్ల ఖాళీ చేసి తుడిచి ఇచ్చాను. పిల్ల చేతులు కడుక్కుని కూర్చుంది. ప్రాసెసర్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని దాని చోట్లో దించేటప్పుడు ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టాను. తమ్ముడు మాత్రం "మెల్లగా, మెల్లగా" అని గది దద్దరిల్లేట్టు చెబుతున్నాడు. ఒకటీ ఒకటీ ఎక్కాయి. పన్నెండు గంటలకి చివరగా కార్డు తీసింది. వెనక పెడితే ముందు తగులుతోంది, ముందు సర్దితే వెనక ఎక్కడం లేదు. అరంగుళం తేడా.

"కొంచెం వంచి పెట్టు" అన్నాడు తమ్ముడు.

"వంగదు మామయ్యా."

"అయితే ఆ గూడు కోసేస్తా. రంపం తెస్తానుండు."

"ఇనుప పొడి లోపల పడితే మొత్తం పోతుంది."

"డబ్బా మానేసి బల్ల మీద పరిచెయ్ మరి!"

పిల్ల గది నాలుగు మూలలూ చూసింది. కిటికీ ఎండలో నూలుపోగులు తేలుతున్నాయి. "ఈ పోగులన్నీ దీన్లోకే పోతాయి" అని గొణిగి నోట్‌బుక్కు తెరిచింది. "అమ్మా, నువ్వు పన్నెండన్నావు."

నా చెయ్యి మెడలోని టేపు మీదికి పోయింది.

నా టేపుకి మొదటి అంగుళం లేదు. కొసనున్న రేకు ఊడి, అంచు పీలికలైపోతుంటే ఒకటో గీత దగ్గర కత్తిరించేశాను. కొత్తది కొనుక్కోవచ్చు. కానీ ఇది మెడకి అలవాటైపోయింది. కొలిచేటప్పుడు టేపు మీద ఉన్న అంకే పైకి చెబుతాను, పుస్తకంలో అదే రాస్తాను, కత్తెర పట్టాక ఒకటి తగ్గిస్తాను. పదిహేనేళ్ళుగా కొలిచేదీ నేనే, కోసేదీ నేనే. ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

"పన్నెండు కాదే. పదకొండు" అని సంగతంతా చెప్పాను.

తమ్ముడు నోరు తెరిచాడు. "అక్కా! అంటే ఇన్నేళ్ళుగా అందరికీ..."

"అందరికీ సరిగ్గానే కుట్టాను. నోర్ముయ్."

పిల్ల నన్ను తిట్టినా బాగుండేది. కార్డుని తీసుకెళ్ళి దాని సంచిలో పెట్టి, సంచి నోరు మడిచి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. "ఇంకో కార్డు తెచ్చి బిగించి, సిస్టమూ ఆటా ఎక్కించేసరికి రాత్రవుతుంది. రాలేనని టీచరమ్మకి చెప్పేస్తా" అని ఫోను తీసింది.

"ఒక్క నిమిషం ఆగు."

బట్ట తప్పు కోశానని తెలిసినప్పుడు నేను మొదట చేసే పని దాన్ని తిరగేసి చూడడం. డబ్బాని బోర్లించాను. ముందున్న ప్లాస్టిక్ ముఖం పట్టి లాగితే టప్పున ఊడొచ్చింది. వెనకంతా దుమ్ము, దూదిపింజలా. గుడ్డముక్కతో తుడుస్తుంటే గూడు అంచున చిన్న చుక్క కనబడింది. ఇంకాస్త తుడిచాను. చుక్క మధ్యలో గాటు. మర!

"ఇది పక్కా కుట్టు కాదే. కచ్చా కుట్టు. విప్పుకోమనే పెట్టాడు!"

పిల్ల ఫోను పక్కన పడేసి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు రెండు మరలు నాకు దొరికాయి. కింద రబ్బరు కాళ్ళ చాటునున్న రెండూ దానికి దొరికాయి. తమ్ముడి స్క్రూడ్రైవరు ఆ సందుల్లో దూరలేదు. మిషను సొరుగులోంచి, సూది బిగించుకునే బుల్లి స్క్రూడ్రైవరు తెచ్చాను. మూడు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి మొండికేసింది. మిషనుకి వేసే నూనె రెండు చుక్కలు వేసి, పది నిమిషాలు ముగ్గురం దాని మొహం చూస్తూ కూర్చున్నాం. తర్వాత కిర్రుమంది.

గూడు చేతిలోకొచ్చింది. "ఇందులో ఏం పెడతారే?"

"పాతకాలం డిస్కులు. మనకి అక్కర్లేదు. ఇంకోసారి కొలువమ్మా."

కొలిచాను. "పదహారు."

"టేపు మీదదా, నిజమైందా?"

తమ్ముడు పగలబడి నవ్వాడు. నాకూ ఆగలేదు. "నిజంగా పదిహేను!"

కార్డు టిక్కుమని కూర్చుంది. దాని ముందు ఇంకా బెత్తెడు ఖాళీ. పిల్ల ఆ ఖాళీని చూసి, నా వైపు చూసింది.

"ఏంటే?"

"లోపల మడత" అంది.

సిస్టమూ ఆటా ఎక్కేసరికి ఐదున్నర దాటింది. ఆరింటికి గది తలుపు మూసుకుంది. నేను మిషను ముందు కూర్చున్నానే గానీ తొక్కలేదు. చప్పుడులో వినబడదని ఎవరిదో లంగా అంచు తీసుకుని గుండుసూదులు పెడుతున్నాను. మొదట ఏమీ వినబడలేదు. తర్వాత, "ఉన్నాను, వినబడుతోంది." ఆ తర్వాత, "ఎడమ నాకొదిలేయండి!" గొంతు లేచింది, ఇంకా లేచింది. ఎక్కడ తెగుతుందోనని ప్రతి అరుపుకీ నా చెయ్యి ఆగింది. ఒక చోట తెగింది కూడా. సూది వేలికి గుచ్చుకుంది. మరుక్షణం గోడ అవతల నవ్వు.

ఏడు కావస్తుంటే తలుపు తెరుచుకుంది.

"తీసుకున్నారు" అంది.

అంతటితో గదిలోకి పోతుందనుకున్నాను. పోలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఆటలో వంతెన దగ్గర ఏం జరిగిందో, ఇద్దరు ఎదురొస్తే తను ఎటు తప్పుకుందో, టీచరమ్మ హాజరు పిలిచినట్టు ఎలా పిలిచిందో, తను పైకి ఎలా పలికిందో, చేతులు తిప్పుతూ, లేచి నిలబడుతూ, మళ్ళీ కూర్చుంటూ చెబుతూనే ఉంది. నేను ఊ కొట్టడం తప్ప ఏమీ అనలేకపోయాను. నా నోటినిండా గుండుసూదులు.