పెట్టెలోంచి వచ్చిన ఊపిరి

అల్తాఫ్ ఆ కార్డ్‌లెస్ ఫోను విశాఖపట్నం నుంచి తెచ్చి నాలుగు రోజులే అయింది. చోడవరం బస్టాండు దగ్గర రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు అతనిది. పాత ఫోను తీసేసి, ఆ వైరునే కొత్త పెట్టెకి తగిలించి, ఎలా వాడాలో భార్య హఫీజాకి చూపించాడు.

"పెట్టె కింద ఓ నంబరుంది సూడు. చేత్తో పట్టుకునేదాని వెనకాలా అదే నంబరుండాలి. రెండూ కలిస్తే చాలు, మధ్యలో వైరక్కర్లేదు. పెరట్లోకెళ్లి మాటాడుకో."

"ఇంకెవరింట్లోనైనా అదే నంబరుంటే?"

"ఈ ఊర్లో ఇలాటి ఫోన్లు ఎన్నున్నాయే?" అని నవ్వేశాడు అల్తాఫ్.

మర్నాడు మధ్యాహ్నం అతను కొట్టుకెళ్లాక, హఫీజా ఒక్కతే కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. ఎందుకో తలెత్తింది. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది. మాట్లాడేటప్పుడు తప్ప అది వెలగదు. ఫోనేమో పెట్టె మీద దాని చోట అది కుదురుగా ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

లేచి వెళ్లి, స్పీకరు బటను నొక్కింది. గరగరమనే చప్పుడు. దాని వెనక ఎవరిదో ఊపిరి. ముక్కుతో కాదు, నోటితో పీలుస్తున్న ఊపిరి.

హఫీజా బటను ఆపేసి వంటింటి గుమ్మం దాకా వెనక్కి నడిచింది. దీపం ఆరలేదు. వీధిలోకి పారిపోదామనుకుంది. కానీ ఆ ఊపిరి చెవుల్లోంచి పోలేదు. అది తనకంటే ఎక్కువ భయపడుతున్న మనిషి ఊపిరిలా తోచింది. దేవుణ్ణి తలుచుకుని, వచ్చి మళ్లీ నొక్కింది.

"ఎవరది?"

"అమ్మా, గట్టిగా మాటాడకండి." ఆడగొంతు, గుసగుసగా. "పాము. నాగుపాము. పాప ఉయ్యాల కిందుంది."

హఫీజా పెట్టె మీదికి వంగింది. "ఎవరమ్మా నువ్వు? ఏ ఇల్లు?"

"శ్రీవల్లినండి. అద్దెకొచ్చి పది రోజులైంది. ఈ వీధి పేరు కూడా తెలీదు. మంచం మీద నించున్నాను. గెంతినప్పుడు వైరు తగులుకుని ఫోను పెట్టె నేల మీద పడి ఆగిపోయింది. ఇదొక్కటే చేతిలో ఉంది. ఆయన ఆఫీసు నంబరు డైరీలో ఉంది, డైరీ బల్ల మీదుంది."

వెనక ఎక్కడో పసిపిల్ల మూలిగింది.

"పాప లేస్తంది," అంది శ్రీవల్లి.

ఇది ఎలా జరిగిందో అప్పుడు హఫీజాకి అర్థమైంది. రెండిళ్ల ఫోన్లకీ ఒకే నంబరు. శ్రీవల్లి పెట్టె చచ్చిపోయింది కాబట్టి ఆమె చేతిలోని ఫోను తన పెట్టెని పట్టుకుంది. అంటే ఆ పిల్ల దూరంలో లేదు.

"కదలకు. నేను పళ్లెం వాయిస్తాను, వినబడతందేమో సెప్పు."

పెరట్లోకి పరుగెత్తి, ఇత్తడి పళ్లెం మీద గరిటెతో దబదబా బాదింది. లోపలికి వచ్చేసరికి ఊపిరాడలేదు.

"వినబడింది. బొప్పాయి చెట్టున్న కిటికీ వైపు నుంచి."

వెనక సందులో బొప్పాయి చెట్టున్న ఇల్లు ఒక్కటే.

"వస్తన్నాను. ఫోను వదలకు."

సందు మొదట్లో, ఫ్యాక్టరీకి చెరకు తోలే సత్యారావు బండి ఆపుకుని అన్నం తింటున్నాడు. హఫీజా సగం మాటలే చెప్పగలిగింది. అతను చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు. తలుపు లోపల గడియ వేసి ఉంది. కిటికీలోంచి చూశారు. దూలానికి కట్టిన చీర ఉయ్యాల, దాని కింద చల్లటి గచ్చు మీద చుట్ట చుట్టుకున్న పాము. ఉయ్యాలకీ దానికీ మధ్య జానెడు కూడా లేదు. పాప కాళ్లాడిస్తుంటే చీర కిందికి ఉబ్బుతోంది. పాము తలెత్తి అటే చూస్తోంది.

"పుల్లతో కెలికితే కాటేస్తది," అన్నాడు సత్యారావు మెల్లిగా. "పైనుంచి ఎళ్తాను."

అరుగు మీంచి ఇంటి కప్పు ఎక్కాడు. ఒక్కో పెంకూ తీసి పక్కన పెట్టాడు. ఒక్క పెంకు జారినా ఉయ్యాల్లో పడుతుంది. మంచం మీద శ్రీవల్లి నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

కప్పులోంచి రెండు చేతులు దిగాయి. ఉయ్యాల చీరని మూటలా పోగుచేసి పట్టుకున్నాయి. పాము పడగ విప్పింది. చీర ఒక్క లాగుతో పైకి పోయింది, పాప కెవ్వుమంది. పాము ఉత్తగాలిని కొట్టి, గోడవారగా జరజరా పాకి, నీళ్లు పోయే తూములోంచి పొలాల వైపు వెళ్లిపోయింది.

శ్రీవల్లి చాలాసేపు మంచం దిగలేదు. "ఎళ్లిపోయింది, నేను సూసేను," అని హఫీజా పదిసార్లు చెప్పాక వచ్చి గడియ తీసింది. కప్పు దిగొచ్చిన సత్యారావు చేతుల్లోంచి పాపని అందుకుని అక్కడే కూలబడింది.

సత్యారావు శ్రీవల్లి భర్త కృష్ణకాంత్‌కి కబురు చెప్పడానికి అతను పనిచేసే గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లాడు. శ్రీవల్లి ఆ ఇంట్లో ఉండలేనంది. హఫీజా తల్లీపిల్లల్ని తన ఇంటికి తీసుకొచ్చింది. ముందు తన ఇంటి తూములో గోనెసంచి కుక్కి, పైన రుబ్బురాయి దొర్లించింది. మంచం కింద దీపం పెట్టి వెతికింది, బియ్యం బస్తా వెనక వెతికింది. ఆ తర్వాతే ఇద్దరూ కాళ్లు పైకి ముడుచుకుని మంచం మీద కూర్చున్నారు, మధ్యలో పాప. మగవాళ్లు వచ్చేదాకా ఒక్కరూ కాలు కింద పెట్టలేదు.