మొక్కిన మోకాళ్లు

మంచం కింద తుడిచి లేవబోతుంటే హెలెన్ కుడి మోకాల్లో ఏదో మెలిపడి పట్టేసింది. కాలు చాపలేక, మడవలేక, తడిగుడ్డ పట్టుకుని అక్కడే కూలబడింది. భర్త జోయెల్ ఫోన్లోంచి తలెత్తి, నిదానంగా లేవచ్చుగా అన్నాడు.

ఆ కాలు చాలాకాలంగా సణుగుతూనే ఉంది. ఆమె పనిచేసే బట్టల షాపులో స్టూళ్లున్నా సేల్స్ ఆడవాళ్లు కూర్చోకూడదు. భవానీపురంలో ఇంటికొచ్చాక అంట్లు, ఉతుకు, తుడుపు అన్నీ గొంతుక్కూర్చునే.

స్కానింగ్ అయ్యాక డాక్టరు ప్లాస్టిక్ మోకాలు బొమ్మ చూపించాడు. తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య నెలవంకల్లా రెండు మెత్తటి దిండ్లు. మెనిస్కస్ అంటారట. ఒంటి బరువు ఎముకల మీద పడకుండా కాసేవి అవే. హెలెన్‌కి లోపలివైపుది చిరిగింది. రక్తం సరిగా అందని చోటు కాబట్టి దానంతటది అతుక్కోవడం కష్టమన్నాడు. గొంతుక్కూర్చోవద్దు, మోకాళ్ల మీద ఆనొద్దు, వ్యాయామాలతో తగ్గకపోతే ఆపరేషన్ అన్నాడు.

జోయెల్ అడిగింది ఒకటే. "నిలబడి వంట చేసుకోవచ్చు కదండీ?"

తన ఒంట్లో అలాంటిదొకటి ఉందని, అది చిరిగేదాకా తనకే తెలియనందుకు హెలెన్‌కి దుఃఖం వచ్చింది.

ఇంతలో గుణదల కొండమీది మాత తిరునాళ్లు దగ్గరపడ్డాయి. నిరుడు జోయెల్‌కి డెంగ్యూ ముదిరినప్పుడు అతని తల్లి తెరేసమ్మ మాతకి మొక్కుకుంది, కొడుకు గట్టెక్కితే కోడలు కొండమెట్లు మోకాళ్ల మీద ఎక్కుతుందని. ఆ సంగతి హెలెన్‌కి చెప్పింది అతను ఇంటికొచ్చాకే. అప్పుడామె సంతోషంగానే తలూపింది. అతను బతకాలని ఆసుపత్రి వరండాలో జపమాల తిప్పుతూ కూర్చున్నదీ ఆమే.

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక మళ్లీ ఆ మాట వచ్చింది. మాత పేరు చెప్పుకుని ఎక్కితే నొప్పి అదే పోద్దంది తెరేసమ్మ. నీక్యాప్ వేసుకుని ఎక్కమన్నాడు జోయెల్.

నిలబడి గోంగూర వలుస్తున్న హెలెన్ చెయ్యి ఆగింది.

"మొక్కింది అత్తయ్య. బతికింది మీరు. నేనెందుకండీ ఎక్కడం?"

జోయెల్ మొహం కందిపోయింది. తిరునాళ్లకి ఆఫీసు వాళ్లంతా వస్తారని, వాళ్లముందు తను మోకాళ్లమీద పాకితే ఏం బాగుంటుందని గొణిగాడు. ఇన్నాళ్లూ ఇంటి పనితోపాటు అతని సిగ్గు కూడా తనే మోస్తున్నట్టు హెలెన్‌కి అప్పుడర్థమైంది.

అత్తగారు కేకలేస్తుందనుకుంది. నేలమీద కూర్చున్న తెరేసమ్మ చీర కుచ్చెళ్లు పైకి జరుపుకుంది. నల్లగా కాయలు కాసి, వంకరపోయిన మోకాళ్లు.

"మీ మావగారి కోసం ఏటేటా ఎక్కా. నొప్పి లేదని నేనెప్పుడన్నా అన్నానా? ఎవరూ అడగలా." కొడుకు వైపు చూడకుండానే అంది.

హెలెన్ కుర్చీ లాగి, చెయ్యందించి ఆవిణ్ణి లేవదీసి కూర్చోబెట్టింది. పక్కనే తనూ కూర్చుంది.

"ఈసారి ఆసుపత్రికి ఇద్దరం వెళ్దాం అత్తయ్యా."

వంటింట్లో కుక్కర్ కూతమీద కూత వేస్తోంది. ఇద్దరూ లేవలేదు. కాసేపటికి జోయెలే లేచి వెళ్లాడు.