రెక్క అంచు దాటిన గీత

నగానో కొండల కింద వరికోతలు అయిపోయాయి. కోసిన వరి కట్టలు చేలల్లో అడ్డకర్రల మీద వేలాడుతూ ఆరుతున్నాయి. ఆ కర్రల కొసల మీద ఎర్ర తూనీగలు. చిజురు మెడలో భర్త కెమెరా బరువుగా ఊగుతోంది. పొద్దున్నుంచి ఆమె ఒక్కొక్క రెక్కనే చూసుకుంటూ నడుస్తోంది. ఆమెకు కావలసింది ఒక అంకె. ఒకటి నుంచి పన్నెండు దాకా ఏదైనా సరే.

"టీచర్‌గారూ, హాజరు వేస్తున్నారా?" వెనకనుంచి అన్నాడు కవాబే. ఊళ్ళో సెలూను అతనిదే. తూనీగల సంఘానికి కార్యదర్శి కూడా అతనే. "ఒక్కడూ పలకడం లేదా?"

"మీ గొంతు వింటే వచ్చినవాళ్ళు కూడా పారిపోతారు."

ఏటా జూలైలో సంఘంవాళ్ళు కనుమ దగ్గరికి వెళతారు. వేసవిలో ఈ తూనీగలు చల్లదనం కోసం కొండెక్కుతాయి. అప్పటికింకా పసుపు రంగులోనే ఉంటాయి. వాటిని వలతో పట్టి, రెక్క మీద చెరగని సిరాతో గుర్తూ అంకే రాసి వదిలేస్తారు. ఎవరి గుర్తు వారిది; అంకె మాత్రం ఏటా ఒకటి నుంచి మొదలు. చిజురు భర్త తోకుజిది జపాను లిపిలో 'తో' అక్షరం: ఒక నిలువు గీత, దాన్ని ఆనుకుని చిన్న వాలు గీత. చలి మొదలయ్యేసరికి తూనీగలు ఎర్రబడి, గుడ్లు పెట్టడానికి పొలాలకు దిగుతాయి. అప్పుడు వాటిని పట్టకూడదని సంఘం కట్టుబాటు. ఫోటో తీసుకోవాలి, అంతే. ముప్ఫై ఏళ్ళలో తోకుజి కొన్ని వేల రెక్కల మీద రాశాడు. మళ్ళీ కనబడినవి నాలుగు.

"చెప్పుల మీద పేరు రాసుకునే ఒకటో తరగతి పిల్లలు నయం మీకన్నా," అనేది చిజురు.

"వాళ్ళ చెప్పులు బడి గుమ్మం దాటవు టీచరమ్మా. నావి కొండ దిగాలి," అనేవాడు.

ఈ జూలైలో కొండెక్కవద్దని డాక్టరు చెప్పాడు. తోకుజి వినలేదు. చిజురే కారు నడిపింది. పన్నెండు దాకా అతనే రాశాడు. చెయ్యి బాగా వణుకుతోంది. పెన్ను ఆమె చేతికిచ్చాడు.

"నేను పట్టుకుంటా, నువ్వు రాయి. నల్లబల్ల అనుకో."

నాలుగు రెక్కలూ పైకి మడిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాడు. ఆమె 'తో' వేసి, పక్కన పదమూడు అంకె రాసింది. రెక్క ఎంత చిన్నదో అంచనా తప్పింది. మూడంకె కింది వంపు రెక్క అంచు దాటి అతని బొటనవేలి గోటి మీదికి పోయింది.

"మార్జిన్ వదలమని నలభై ఏళ్ళు పిల్లల్ని చంపావు కదే!" అని నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆ తరువాత ఆమె జాగ్రత్తగా ముప్ఫై ఆరు దాకా రాసింది.

పది రోజులకు అతను పోయాడు. నర్సు దూదితో అతని గోరు తుడవబోతే, "ఉండనివ్వండి," అంది చిజురు.

అతని చేతిరాత ఇంట్లో లేక కాదు. నోటుపుస్తకాలు అలమారనిండా ఉన్నాయి. వాటి జోలికి ఆమె పోలేదు. అతను చివరగా రాసినవి ఆ పన్నెండు రెక్కలే. వాటిలో ఒక్కటైనా దిగిరావాలి.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని పుల్లటి ఉమే పండు పెట్టిన అన్నం ముద్దలు తింటున్నారు. కవాబే నమలడం ఆపాడు.

"కదలకండి. మీ ఎడమవైపు, మూడో కర్ర."

చిజురు కెమెరా ఎత్తేలోపల తూనీగ లేచిపోయింది. ఆమె లేవబోయి ఆగింది. ఎగిరిందని వెంటపడకు, అదే కొస మీదికి మళ్ళీ వస్తుంది అనేవాడు తోకుజి. కెమెరా దించకుండా కూర్చుంది. చేతులు నొప్పెట్టాయి. తూనీగ వచ్చి వాలింది. ఆమె మూడుసార్లు నొక్కింది.

తెర మీద బొమ్మను పెద్దది చేసింది. ఆకాశం వెలుతురులో రెక్క అద్దంలా ఉంది. 'తో'. పక్కన ఒకటి. ఆమె బొమ్మను ఇంకాస్త జరిపింది. దాని పక్కన మూడు. గుండ్రటి, బడిపంతులమ్మ రాత.

"తోకుజిగారిదే!" కవాబే చేతులు ప్యాంటుకు తుడుచుకుని సంఘం పుస్తకం తీశాడు. "ఆయన పేరు వేసేస్తున్నా."

"వద్దు. అది నా రాత. ఆయన రాసింది పన్నెండు దాకానే."

కవాబే పెన్ను ఆపాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

చిజురు కెమెరా ఆపేయబోయి మరోసారి చూసింది. మూడంకెకు కింది వంపు లేదు. రెక్క అంచు దగ్గర తెగిపోయింది. పిల్లలెవరైనా అలా రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేది. మిగతా ముక్క ఎక్కడికి పోయిందో ఆమెకు తెలుసు. అది అతనితోనే వెళ్ళింది.

"కవాబేగారూ, ఇద్దరి పేర్లూ రాయండి."

"గడిలో ఒక్క పేరుకే చోటుంది టీచర్‌గారూ."

"పర్వాలేదు," అంది చిజురు. "మార్జిన్‌లోకి పోనివ్వండి."