కాఢా అన్న మాట

వరద తీసిన తరువాత ప్రాణహితకు మహారాష్ట్ర వైపు ఒడ్డున బాబురావు చేను మీద మోకాలి లోతు ఒండ్రు నిలిచింది. తన చేనుకూ జగ్గయ్య చేనుకూ నడుమనున్న హద్దురాయి ఆ ఒండ్రు కింద ఎక్కడో కూరుకుపోయింది. ఇద్దరూ చెరొక చోటు చూపారు. మాట పెరగకముందే జగ్గయ్య ఒక దారి చెప్పాడు: వేసవిలో బాబురావు తన ఎద్దును ఆ రాయి పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు, వెనక మోటారు గది కూడా పడే ఉంటుంది. అది చూపితే గట్టు అక్కడే. చూపలేకపోతే తాను చెప్పిన చోట. మర్నాడే దున్నకం.

ఫోటో పాత ఫోనులో ఉంది. దానిలోనివన్నీ కొత్తగా కొన్న ఫోనులోకి తెచ్చుకుందామని బాబురావు సెట్టింగులు తెరిచాడు. చదువంతా మరాఠీ బడిలో సాగినవాడు, ఫోనునూ మరాఠీలోనే పెట్టుకున్నాడు. తన పేరు కింద ‘ఖాతే కాఢా’ అని కనిపించింది. అహేరి స్టూడియోలో ఫోటో ‘కాఢా’ అంటే తీయమని. బ్యాంకులో పైసలు ‘కాఢా’ అంటే బయటికి తీసుకోమని. ఖాతాను ఇందులోంచి తీసి అందులో పెట్టుకోవడమే కదా అనుకుని నొక్కాడు. ఫోను మళ్లీ అడిగింది. పైసల యంత్రం కూడా రెండోసారి అడుగుతుంది కాబట్టి మళ్లీ నొక్కాడు. ఎద్దు పోయింది, రాయి పోయింది.

సిరొంచ బజారులో ఫోన్లు బాగుచేసే మధులత రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది. జాగా చాలక ఎప్పుడో ఫోటోలను ఖాతాలో దాచి, ఫోనులోంచి తుడిపించుకున్నాడు. ఇప్పుడు ఆ ఖాతానే తొలగించాడు.

“పోలేదు కాకా. ఈడ ‘కాఢా’ అంటే తీసుకొనుడు కాదు, తీసేసుడు. ఖాతా కొత్తదాన్ల ఎక్కిస్తే సింకయి మల్ల వస్తయి. పాస్‌వర్డ్ చెప్పు.”

పాస్‌వర్డ్ అతనికి గుర్తులేదు. మరిచిపోయానని నొక్కితే, ఖాతా తెరిచిన నాడు ఇచ్చిన నంబరుకు కోడ్ పంపుతానని చెప్పి, ఫోను ఆ నంబరులోని చివరి రెండంకెలు చూపింది. అవి జగ్గయ్య నంబరువి. ఆనాడు అహేరి అంగట్లో తన సిమ్ పనిచేయకపోతే, పక్కనున్న జగ్గయ్య తన నంబరు ఇచ్చాడు.

వేరే తోవ లేదా అని అడిగాడు. లేదంది మధులత. జగ్గయ్యకు ఫోన్ చేసి, కోడ్ దేనికో దాచకుండా చెప్పాడు. అవతల ట్రాక్టరు చప్పుడు ఆగింది.

“ఎవ్వలకు చెప్పొద్దని రాసున్నది గదనే ఈ మెసేజుల,” అన్నాడు జగ్గయ్య.

“నాకు గాక ఇంకెవ్వలకు చెప్తవ్?”

“అయితే రాస్కో.”

ఒక్కొక్క అంకే ఆగి ఆగి, మరాఠీలో చదివాడు.

మర్నాడు జగ్గయ్య ఒండ్రులో నిలబడి, తిరిగొచ్చిన ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, మోటారు గది వైపు తలెత్తి, మళ్లీ దించి చూశాడు.

“ఎద్దును సక్కగ మేపుతలేవు. రాయి మాత్రం నువ్వు చెప్పిన కాడనే ఉన్నది.”

పార తీసుకుని అక్కడే గట్టు పోయడం మొదలుపెట్టాడు.

ఖాతాలో సొంత నంబరు పెట్టుకోమని మధులత చెప్పి ఉంది. ఆ సాయంత్రం బాబురావు పెట్టుకున్నాడు. దాని కింద జగ్గయ్య నంబరు, ఆ పక్కన ‘కాఢా’. ఇప్పుడా మాటకు అర్థం బాగా తెలుసు. వేలు వెనక్కి తీసుకుని ఫోను జేబులో వేసుకున్నాడు.