రిప్లై కొడితే అందరికీ

పాత రేడియోల పిచ్చి ఉన్నవాళ్ళ కోసం ఒక మెయిలింగ్ లిస్టు ఉండేది. ఒక్క చిరునామాకి ఉత్తరం రాస్తే చాలు, నాలుగు వందల మంది సభ్యులకూ చేరుతుంది. దాన్ని నడిపేది ఒక కాలేజీ లైబ్రేరియన్. ఆమెకు రేడియోల మీద ఏ మోజూ లేదు. మోజంతా భర్తది, లిస్టు మొదలుపెట్టిందీ అతనే. సాఫ్ట్‌వేర్ మొదటిసారి మొరాయించినప్పుడు అతను చేతులెత్తేస్తే ఆమె కూర్చుని సరిచేసింది. అప్పటినుంచి దాని తాళాలు ఆమె దగ్గరే ఉండిపోయాయి.

రానురాను ఆ పని ఆమెకు నచ్చసాగింది. ఎవరి ఇన్‌బాక్స్ నిండిపోయి ఉత్తరాలు తిరుగుటపాలో వస్తున్నాయో, ఎవరు మళ్ళీ పాస్‌వర్డ్ మరిచిపోయారో చూసి చక్కబెట్టాకే ఉద్యోగానికి బయలుదేరేది.

సభ్యులకు ఒక్కటే గొడవ. రిప్లై కొడితే అది ఉత్తరం రాసినవాళ్ళకే పోతోంది, లిస్టుకు రావడం లేదు. మంచి మంచి ముచ్చట్లన్నీ చాటుగా జరిగిపోతున్నాయని వాళ్ళ బాధ. అందరికన్నా ఎక్కువ సణిగేది ఇంట్లోనే ఉన్నాడు.

"ఒక్క సెట్టింగే కదా, మారిస్తే నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు భర్త ఓ సోమవారం పొద్దున టిఫిన్ తింటూ.

"సొమ్ము పోదండీ, పరువు పోతుంది. ఒకళ్ళకి రాస్తున్నామనుకుని ఊరందరికీ రాసేస్తారు."

"మావాళ్ళేం చిన్నపిల్లలు కాదులే."

పోరు పడలేక ఆమె మార్చేసింది. ఇకనుంచి రిప్లైలన్నీ లిస్టుకే వస్తాయి, జాగ్రత్త అని అందరికీ ప్రకటన కూడా పంపింది. అలాంటి ప్రకటనలు ఎవరూ చదవరని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నానికల్లా కొంప మునిగింది. సభ్యుల్లో ఒక పళ్ళ డాక్టరు సెలవు పెట్టి ఎటో వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, ఉత్తరం రాసిన ప్రతివాళ్ళకీ "నేను ఊళ్ళో లేను, వచ్చాక జవాబిస్తాను" అని దానంతటదే పోయేలా పెట్టుకున్నాడు. నిన్నటిదాకా అది రాసినవాళ్ళకే పోయేది. ఇప్పుడు లిస్టుకు వచ్చింది. లిస్టు దాన్ని అందరికీ పంచింది, డాక్టరుతో సహా. అతని మెయిల్‌బాక్స్ దానికీ మర్యాదగా జవాబిచ్చింది. ఆ జవాబు మళ్ళీ అందరికీ వెళ్ళింది. ఊళ్ళో లేని మనిషి ఆగకుండా నాలుగు వందల మందికి తాను ఊళ్ళో లేనని చెబుతూనే ఉన్నాడు. ఒకాయన "తెలిసిందండీ, సుఖంగా వెళ్ళిరండి" అని రాశాడు. ఇంకొకాయన "నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి" అన్నాడు. ఆ రెండిటికీ డాక్టరు నుంచి జవాబులు వచ్చాయి.

లైబ్రేరియన్ కౌంటరు పక్కవాళ్ళకు అప్పగించి కంప్యూటరు ముందు కూలబడింది. అడ్మిన్ పేజీ నత్తనడక నడుస్తోంది. ముందుగా, తను అనుమతిస్తే గాని ఏ కొత్త ఉత్తరమూ కదలకుండా కట్టేసింది. డాక్టరు చిరునామాకు ఉత్తరాలు ఆపింది. ఇక బయటికి పోవలసినవి మిగిలాయి. సర్వర్ గంటకు ఇన్నే అని లెక్కపెట్టి వదులుతుంది కాబట్టి ఉత్తరాలన్నీ క్యూలో పోగుపడ్డాయి. డాక్టరు జవాబుల్ని ఏరి పారేస్తుంటే మధ్యలో ఒక ఉత్తరం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. అది తమ ఇంట్లోనే మేడగదిలో ఉండే అత్తగారిది.

అత్తగారిని సభ్యురాలిగా చేర్చింది కొడుకే. ఆవిడ అందులో ఏనాడూ ఒక్క ముక్క రాసి ఎరగదు. ఆ పొద్దున ఒక రిటైరైన టెలిఫోన్ ఉద్యోగి, ఎవరి దగ్గరైనా పనికిరాని రేడియో ఉంటే ఇప్పించమని అడిగాడు. ఆయనకు ఆవిడ ఇచ్చిన జవాబు అది.

"అయ్యా, నా గది నిండా మావాడి రేడియోలే. ఒక్కటీ పలకదు. గురువారం మావాడు పని మీద పొరుగూరు వెళ్తాడు. అప్పుడొచ్చి ఎన్ని కావాలంటే అన్ని పట్టుకుపోండి. డబ్బులేం వద్దు. వ్యాను తెచ్చుకుంటే మేలు. నా ఫోన్ నంబరు కింద రాశాను."

సగం మందికి అప్పటికే చేరిపోయింది. మిగతావి క్యూలో ఉన్నాయి, భర్తకు వెళ్ళాల్సింది కూడా. ఆమె నవ్వు ఆపుకుంటూ చుట్టూ చూసింది. ఇంతలో ఫోన్ మోగింది.

"అమ్మాయ్," అంది అత్తగారు గొంతు తగ్గించి. "ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారు. వ్యాను ఎంత పెద్దది కావాలని ఒకాయన. మెట్లు ఇరుకా అని ఇంకొకాయన. నేను రాసింది ఒక్కాయనకే."

"అందరికీ పోయింది అత్తయ్యా. పొద్దున సెట్టింగు మార్చాను. మీ అబ్బాయే మార్చమన్నారు."

"వాడికి చేరిందా?"

"ఇంకా లేదు, దారిలో ఇరుక్కుంది. తీసెయ్యమంటే తీసేస్తాను. ఉత్తరం మీది కాబట్టి మీ ఇష్టం. కాకపోతే ఇంతమందికి తెలిసిన సంగతి ఆయనకు తెలియకుండా ఎన్నాళ్ళు దాస్తాం?"

"నా గదిలో నేను పక్కకి తిరిగి నడుస్తున్నానే తల్లీ. చెబితే మొహం చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నా," అంది అత్తగారు. "సర్లే, పోనియ్. ఎలాగూ సంగతి బయటపడింది."

ఆమె క్యూను వదిలింది. రిప్లై సెట్టింగును కూడా మళ్ళీ మునుపటిలాగే మార్చేసింది. సాయంత్రం అనుమతి కోసం ఆగి ఉన్న ఉత్తరాల్లో భర్తది ఒకటి కనిపించింది.

"అమ్మా, ఈ మాట నాతో అనొచ్చుగా. మిగతా అందరికీ: గురువారం నేను ఊరెళ్ళడం మానుకున్నాను. రండి, నా చేతులతో నేనే ఇస్తాను. కానీ ఏ రేడియో నాకు ఎక్కడ, ఎలా దొరికిందో చెబుతాను. పూర్తిగా వినాలి. విననివాళ్ళకు ఇవ్వను."

ఆమె దాన్ని వెంటనే వదిలింది.

గురువారం జనం మెట్ల మీద బారులు తీరారు. అతను ఒక్కొక్క రేడియోనీ తుడిచి, ఒళ్ళో పెట్టుకుని, దాని చరిత్ర మొదలుపెడుతున్నాడు. అత్తగారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అది కొన్న షాపు, షాపువాడు, వాడి బావమరిది అందరూ అయ్యారు కదా, ఇక ఇచ్చెయ్ నాయనా. వెనక వీళ్ళకి కాళ్ళు పీకుతున్నాయి," అంటోంది.

టెలిఫోన్ ఉద్యోగి మాత్రం తన వంతు వచ్చేదాకా ఊరికే ఉండలేక, నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక చిన్న రేడియో వెనక మూత విప్పాడు. రెండు తీగలు కలిపి ఏదో అతికించాడు. అది ముందు గరగరలాడింది, తర్వాత ఎవరిదో ఆడగొంతు వార్తలు చదివింది. అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"దాన్ని ఉంచండి," అంది. "అది నాది."

సాయంత్రానికి గదిలో ఆ ఒక్కటే మిగిలింది. భార్యాభర్తలు దుమ్ము ఊడుస్తుంటే అతను చీపురు ఆపి అడిగాడు.

"అమ్మ ఉత్తరం నాకు రాకముందే నువ్వు చూశావు కదూ?"

"చూశాను."

"తీసెయ్యాలనిపించలేదా?"

"లేదండీ. ఎక్కడ దారి తప్పుతుందోనని ఇంకో కాపీ పంపుదామనిపించింది."

అతను నవ్వేశాడు. తర్వాత ఖాళీ అయిన గోడను ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసి, "ఇక్కడో చిన్న బల్ల పడుతుందేమో" అన్నాడు.

అత్తగారు లోపలికొచ్చి, కొడుకు చేతిలోంచి చీపురు తీసుకుని, అతన్ని మెల్లగా బయటికి పంపి తలుపు వేసుకుంది.