దింపుడుకళ్లం పడవ

కంభం చెరువులో తిరిగిన ఆ బొమ్మ పడవ బరువు మూడు క్వింటాళ్లు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా దాన్ని ఎత్తగల మొనగాళ్లు ఇద్దరే, అదీ కలిస్తేనే: బడిపిల్లల రాతి పలకలకు కొయ్య చట్రాలు కొట్టే హిదాయతుల్లా, అతని జతగాడు కొండలరావు.

సరే, ముప్పై ఆరు కిలోలు. అరవై దాటిన నడుములకు అదే మూడు క్వింటాళ్లు.

చట్రాల కొయ్యతో కట్టి, మోటారు బిగించారు. ఒరిగిపోకుండా అడుగున బరువు కావాలి. పలకల ఊరివాళ్లకు బరువంటే పలకే! ఊడకుండా జిగురుతో అతికించేశారు. ఇక ప్రతి ఆదివారం ముందొకడు, వెనకొకడు మోత. కట్ట మీద సగం దారిలో దించగానే కొండలరావు పడవ చెవిలో, పడవకు చెవెక్కడిదని అడక్కండి, "లెయ్‌రా హిదాయతూ!" అని మూడుసార్లు అరిచేవాడు.

"బతికున్నోడికి దింపుడుకళ్లం ఏందిరా!" అని తిట్టేవాడు హిదాయతుల్లా. పాడెను మధ్యదారిలో దించి, ప్రాణముందేమోనని చెవిలో పిలుస్తారే, దానికి ఎగతాళి అది.

మొన్న మాఘంలో కొండలరావును నిజంగానే పిలిచారు. లేవలేదు.

మూడు నెలలకు అతని భార్య అలివేలమ్మ హిదాయతుల్లాను పిలిపించింది. "అన్నా, వసారాలో ఈ పడవను చూస్తా కూడు తినలేకున్నా. నీళ్లలోకన్నా దించు, పొయ్యిలోకన్నా పెట్టనీ."

"ఒక్కణ్ణే ఎట్ల మొయ్యాలమ్మా?"

"మొగోళ్లు ఇద్దరే మోస్తారని మీసాలు తిప్పితిరే!"

హిదాయతుల్లా ఉలితో పలకలు ఊడదీశాడు. పోయిన జతగాడి సైకిలు చక్రాలతో చిన్న బండి చేశాడు. ఆటోలో పడవ అతని పక్కన, పలకలు ఆమె ఒళ్లో.

కట్ట మీద, పలకలతో సహా, బండి ఒంటిచేత్తో నడిచింది.

"ఇంత తేలికా! ఇన్నేళ్లూ తోచలేదా అన్నా?"

"తోచుంటే, మోసేదానికని వాడు నాతో ఎందుకొస్తాడమ్మా?"

ఆగనక్కర్లేని బండిని సగం దారిలో ఆపాడు. పడవ మీదికి వంగాడు. "కొండలూ, లెయ్‌రా." రెండోసారి ఇంకాస్త వంగి పిలిచాడు. మూడోసారికి మోటారు తనంతట తానే బుర్రుమంది. అలివేలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మేకలు నీళ్లకు దిగే వాలులో పలకలను పడవ అడుగున తిరిగి పేర్చి, బండిని నీళ్లలోకి నెట్టాడు. ఎవరూ ఎత్తకుండానే పడవ బండి మీద నుంచి తేలిపోయింది. పట్టుకోవడానికి అతను చాచిన చేతులు ఖాళీగా మిగిలాయి.

"పొయ్యిలో పెట్టన్లే," అంది ఆమె.

ఇందులో ఒక్క అబద్ధముంది. మోటారు మోగలేదు, కథలో నేనే మోగించాను. ఆ మధ్యాహ్నం పలకలన్నీ పక్కనే ఉన్నాయి గాని, ఆ పిలుపుకు ఏదీ పలకలేదు.